సంతృప్తికి సగటు తీయొచ్చా? ఆర్డినల్ డేటా గురించి కాస్త వివరంగా

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా మళ్లీ చెబుతాను, తర్వాత చదివేవాళ్లకు కూడా అర్థం కావాలి కదా. మీరు గుంటూరులో ఎంబీఏ చదువుతున్నారు. ప్రాజెక్టు కోసం రెండు ఆసుపత్రుల ఓపీకి వెళ్లి, బయటికొస్తున్న రోగుల్ని ‘ఇక్కడి సేవలు మీకు ఎలా అనిపించాయి’ అని అడిగారు. చాలా అసంతృప్తి అంటే 1, అసంతృప్తి 2, పర్వాలేదు 3, తృప్తి 4, చాలా తృప్తి 5 అని రాసుకున్నారు. మీ గైడ్ గారు సగటు, ప్రామాణిక విచలనం (జవాబులు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పేది) తీసి టీ టెస్ట్ (రెండు గుంపుల సగటుల్ని పోల్చే పరీక్ష) చేయమన్నారు. సెమినార్‌లో మరో మాస్టారు ‘ఇది ఆర్డినల్ డేటా, దీనికి సగటేమిటి’ అని ఆపేశారు. వైవా దగ్గర పడుతోంది, టెన్షన్‌గా ఉంది, ఎవరి మాట వినాలి అన్నారు. ఒకటోది, రెండోది అనే క్రమ సంఖ్యలకీ ఈ ఆర్డినల్ డేటాకీ, అంటే వరస మాత్రమే తెలిసిన డేటాకీ, సంబంధం ఏమిటనీ అడిగారు. ఇంకా కొంతమంది రోగుల్ని కలవాల్సి ఉందని కూడా రాశారు.

నేను విజయవాడలో డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెబుతాను. ప్రాజెక్టుల సీజన్‌లో ఏటా ఎవరో ఒకరు ఈ ప్రశ్నతోనే వస్తారు. ముందు సూటిగా చెబుతాను: ఒకే ఒక్క ప్రశ్నకు వచ్చిన జవాబుల సగటును మీ ప్రధాన ఫలితంగా పెట్టకండి. అలాగని గైడ్ గారి మాట పూర్తిగా కొట్టిపారేయాల్సింది కాదు. అది ఎక్కడ చెల్లుతుందో కింద వస్తుంది. ఎందుకు అన్నది అర్థమైతే వైవాలో ఎవరు ఏ వైపు నుంచి అడిగినా మీరు నిలబడగలరు. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

అంకె కనిపించగానే మనకు కూడాలనిపిస్తుంది, భాగించాలనిపిస్తుంది. అయితే అంకె అన్నిచోట్లా ఒకే పని చేయదు. మీరు గుంటూరులోనే ఉన్నారు కాబట్టి బ్రాడీపేట 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అని విడమరచి చెప్పక్కర్లేదు. నాలుగో లైను నుంచి ఆరో లైనుకు వెళ్లాలంటే మధ్యలో ఐదో లైను దాటాలి. అంతవరకు ఆ నంబరు చెబుతుంది. ఎన్ని గజాలు నడవాలో చెప్పదు. క్రమ సంఖ్య అంటే ఇదే: వరసలో ఎక్కడ ఉందో చెబుతుంది, ఎంత దూరమో చెప్పదు. అదే విజయవాడ వన్‌టౌన్, టూటౌన్ అన్నప్పుడు వరస కూడా ఉండదు, అవి ఊళ్లో భాగాలకు పేర్లయిపోయాయి.

ఆర్డినల్ డేటా, మన తెలుగు అకాడమీ తరహా పుస్తకాల భాషలో క్రమసూచక దత్తాంశం, ఇదే స్వభావాన్ని మనుషుల జవాబులకో వస్తువుల నాణ్యతకో వర్తింపజేయడం. పరుగు పందెంలో మొదటి, రెండో, మూడో స్థానాలు ఇచ్చినప్పుడు సాధారణంగా ఒక్కో స్థానంలో ఒక్కరే ఉంటారు. మీ సర్వేలో ఒక్కో మెట్టు మీద చాలామంది ఉంటారు. తేడా అంతే. రెండింటిలోనూ మనకు తెలిసింది ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది మాత్రమే.

స్టీవెన్స్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1946లో కొలతల్ని నాలుగు రకాలుగా విడగొట్టారు: నామమాత్రం, క్రమసూచకం, అంతరం, నిష్పత్తి. ఈ నాలుగూ ఒకేచోట చూడాలంటే మీ ఊరి మిర్చి యార్డుకు వెళ్లండి. 334 రకం, 341 రకం అంటారు. 334 అనేది లాం ఫారం (గుంటూరు దగ్గరి వ్యవసాయ పరిశోధన కేంద్రం) నుంచి వచ్చిన రకానికి పెట్టిన నంబరు. 341 అనేది 334 కంటే ఏడు ఎక్కువ అని ఎవరూ అనుకోరు, అది ఉత్త పేరు. ఇక అదే రకం సరుకును డీలక్స్, బెస్ట్, మీడియం బెస్ట్, మీడియం అని వేరు చేస్తారు, చివర్న తాలు, అంటే తెల్లబారిన నాసి కాయలు. ఇది క్రమం. టిక్కీల (మిర్చి బస్తాల) బరువు, క్వింటాలు ధర నిష్పత్తి కొలతలు: రెండు క్వింటాళ్లు అంటే ఒక క్వింటాలుకు నిజంగా రెట్టింపే. కోల్డ్ స్టోరేజీలో ఉష్ణోగ్రత అంతరం కొలత: 8 డిగ్రీలకూ 6 డిగ్రీలకూ తేడా, 6కూ 4కూ ఉన్న తేడాతో సమానం, కానీ 8 డిగ్రీలు 4 డిగ్రీలకు రెట్టింపు వేడి కాదు.

ఇందులో గ్రేడు దగ్గర కాసేపు ఆగుదాం, మీ సమస్యంతా అక్కడే ఉంది. కొనేవాళ్లు టిక్కీలోంచి గుప్పెడు కాయలు తీస్తారు. ఎరుపు ఎంత నిండుగా ఉందో, కాయ మెరుస్తోందో లేదో చూస్తారు, వేళ్ల మధ్య నలిపి తేమ పట్టుకుంటారు, తెల్లబారిన కాయలు ఎన్ని కలిశాయో చూస్తారు. ఇన్ని గమనించి చివరికి ఒక్క మాట అంటారు: ‘మీడియం బెస్ట్’. ఆ మాటలో బోలెడు అనుభవం ఉంది, నమ్మదగిన తీర్పే. కానీ డీలక్స్‌కూ బెస్ట్‌కూ మధ్య నాణ్యతలో ఎంత దూరమో, బెస్ట్‌కూ మీడియం బెస్ట్‌కూ మధ్య కూడా అంతే దూరమని ఆ తీర్పు ఎక్కడా అనలేదు. ధరలు చూసి దూరం లెక్కగడదామా అంటే, గ్రేడుల మధ్య ధర తేడా రోజూ ఒకేలా ఉండదు. డీలక్స్‌కు గిరాకీ ఉన్న రోజు ఆ తేడా పెరుగుతుంది, సరుకు దొరకని రోజుల్లో మీడియం కూడా దగ్గరికి వచ్చేస్తుంది. క్రమం మాత్రం మారదు. ఇప్పుడు ఎవరైనా తాలు 1, మీడియం 2, మీడియం బెస్ట్ 3, బెస్ట్ 4, డీలక్స్ 5 అని వేసి, ‘ఈ రైతు సరుకు సగటు 3.4’ అంటే యార్డులో ఆ మాటకు అర్థం చెప్పగలిగేవాళ్లు ఉండరు. సగం బెస్ట్, సగం తాలు తెచ్చిన రైతుకూ, అంతా మీడియమూ మీడియం బెస్టూ తెచ్చిన రైతుకూ ఒకే సగటు రావచ్చు. ఇద్దరికీ చేతికొచ్చే డబ్బు ఒకటి కాదు.

మిర్చిలోనే కొలిచే దారి కూడా ఉంది. కారాన్ని కొలవడానికి 1912లో విల్బర్ స్కోవిల్ ఒక పద్ధతి పెట్టారు. మిర్చి సారాన్ని చక్కెర నీళ్లలో పలచన చేస్తూ పోయి, రుచి చూసేవాళ్లకు కారం తెలియకుండా పోయేసరికి ఎన్ని రెట్లు కలపాల్సి వచ్చిందో ఆ సంఖ్యే స్కోవిల్ యూనిట్లు. ఇప్పుడు ల్యాబులో కాప్సైసిన్ పరిమాణాన్ని యంత్రంతోనే కొలుస్తున్నారు. అక్కడ 40,000 అంటే 20,000కు రెట్టింపు అనడంలో అర్థం ఉంది. ‘కారం తక్కువ, మధ్యస్థం, ఎక్కువ, చాలా ఎక్కువ’ అని ప్యాకెట్ మీద వేస్తే మళ్లీ క్రమానికి దిగిపోయాం. ఒకే కాయ, ఒకే కారం. ఎలా నమోదు చేశామన్నదాన్ని బట్టి డేటా రకం మారిపోయింది. అందుకే ‘సంతృప్తి ఆర్డినలా కాదా’ అని అడగడం కంటే ‘నేను దాన్ని ఎలా అడిగి రాసుకున్నాను’ అని అడగాలి.

క్రమంలోకి దిగితే ఎంత సమాచారం పోతుందో చూపించడానికి ప్రకాశం బ్యారేజీని మించిన ఉదాహరణ నాకు దొరకలేదు. అక్కడ 3.97 లక్షల క్యూసెక్కుల ప్రవాహం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, 5.69 లక్షల దగ్గర రెండోది. 2024 సెప్టెంబరు మొదట్లో వచ్చిన వరదలో ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది, బ్యారేజీ చరిత్రలోనే రికార్డు. హెచ్చరికల పట్టికలో మాత్రం అదీ రెండోదే, 5.70 లక్షలు వచ్చినా రెండోదే. పై మెట్టుకు మూత లేదు కాబట్టి దాదాపు రెట్టింపు వరద కూడా అదే గడిలో కూర్చుంది. పదేళ్ల వరదల మీద ఎవరైనా ప్రాజెక్టు చేస్తూ హెచ్చరిక నంబర్ల సగటు తీస్తే, బెజవాడ వాళ్లం చూసిన ఆ రోజు ఆ లెక్కలో కనపడనే కనపడదు. సింగ్‌నగర్‌ను ముంచిన బుడమేరు నీళ్లయితే ఈ కొలబద్దలో అసలు లేనే లేవు. హెచ్చరిక జనాన్ని కదిలించడానికి పెట్టింది, ఆ పనికి రెండు మెట్లు చాలు. పరిశోధనకు కావాల్సింది క్యూసెక్కులు.

ఇంకో చిన్న జాగ్రత్త. వరసగా అంకెలు ఉన్నంత మాత్రాన క్రమం ఉందని కూడా నమ్మకూడదు. తుపాను వస్తే మచిలీపట్నం, నిజాంపట్నం రేవుల్లో ప్రమాద హెచ్చరిక నంబర్లు ఎగరేస్తారు, 1 నుంచి 11 దాకా ఉంటాయి. మూడుకంటే ఎనిమిది తీవ్రం, నిజమే. కానీ 5, 6, 7 మూడూ ఒకే స్థాయి ప్రమాదం. తుపాను రేవుకు ఏ పక్కగా దాటుతుంది, లేక రేవు మీదుగానే దాటుతుందా అన్నదే వాటి మధ్య తేడా. 8, 9, 10 కూడా అలాంటివే, ఇంకా పెద్ద ప్రమాదానికి. 11 అంటే హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని. అంటే ఆ వరసలో సగం క్రమం, సగం పేర్లు. మీ ఫారంలో కూడా ఇలాంటిది దొర్లే అవకాశం ఉంది, ‘చెప్పలేను’ అనే జవాబు దగ్గర. దాని సంగతి చివర్లో చెబుతాను.

ఎంసెట్ ర్యాంకు, ఇప్పటి పేరుతో ఈఏపీసెట్ ర్యాంకు, ప్రతి ఇంట్లో తెలిసిందే కాబట్టి రెండు మాటలతో సరిపెడతాను. 160 మార్కుల పరీక్షను లక్షల మంది రాస్తారు. ఎక్కువమంది మధ్య మార్కుల దగ్గర కిక్కిరిసి ఉంటారు, పై కొసన పలచగా ఉంటారు. అందుకే మధ్యలో ఒక్క మార్కు తేడాకు వేల ర్యాంకులు మారిపోతాయి, పైన అదే మార్కు కొన్ని ర్యాంకుల్ని మాత్రమే కదిలిస్తుంది. ‘మా అబ్బాయి వాళ్ల అబ్బాయి కంటే 3,000 ర్యాంకులు వెనక’ అని బాధపడే తల్లిదండ్రులు ఆ 3,000 ఎక్కడ ఉన్నాయో ముందు చూడాలి.

ఇక మీ లెక్కకు వద్దాం. ఆర్డినల్ డేటా మీద ఏ లెక్క చేయొచ్చు, ఏది చేయకూడదు అని పట్టికలు బట్టీ పట్టక్కర్లేదు. ఒక్క పరీక్ష చాలు: క్రమం చెడకుండా అంకెలు మార్చి వేస్తే మీ ముగింపు మారుతుందా? మారితే ఆ ముగింపు రోగుల జవాబుల్లోంచి వచ్చింది కాదు, మీరు వేసిన అంకెల్లోంచి వచ్చింది. స్టీవెన్స్ చెప్పిన దాని సారం ఇదే.

ఊరికే ఊహించిన సంఖ్యలతో చేసి చూపిస్తాను. ‘ఏ’, ‘బీ’ అని రెండు ఆసుపత్రులు, ఒక్కోచోట 20 మంది అనుకోండి.

ఏ ఆసుపత్రి: చాలా అసంతృప్తి 4, అసంతృప్తి 2, పర్వాలేదు 2, తృప్తి 4, చాలా తృప్తి 8.
బీ ఆసుపత్రి: చాలా అసంతృప్తి 0, అసంతృప్తి 1, పర్వాలేదు 8, తృప్తి 11, చాలా తృప్తి 0.

మామూలుగా 1, 2, 3, 4, 5 వేసి కూడితే ఏకి 70, బీకి కూడా 70. సగటు రెండింటికీ 3.5. టీ టెస్ట్ చేస్తే తేడా సున్నా అని చెబుతుంది, మీరు ‘రెండు ఆసుపత్రుల సంతృప్తిలో తేడా లేదు’ అని రాసేస్తారు. పైన వరసలు మళ్లీ ఒకసారి చూడండి. ఏలో ప్రతి పది మందిలో ముగ్గురు అసంతృప్తితో వెళ్లిపోయారు. బీలో ఇరవై మందిలో ఒక్కరు.

ఇప్పుడు క్రమం కదపకుండా అంకెలు మారుద్దాం. 0, 3, 4, 5, 10 వేయండి. అంటే ‘చాలా తృప్తి’ అనిపించుకోవడం మామూలు తృప్తికంటే చాలా పెద్ద విషయం అని భావించినట్టు. ‘ఏ’ సగటు 5.7, ‘బీ’ సగటు 4.5. ‘ఏ’ గెలిచింది. మరోసారి 1, 5, 6, 7, 8 వేయండి, ‘చాలా అసంతృప్తి’ మిగతా అన్నిటికంటే బాగా దిగువన ఉన్నట్టు. ఏకి 5.9, బీకి 6.5. ఇప్పుడు బీ గెలిచింది. రోగులు వాళ్లే, జవాబులు అవే. సమానం, ‘ఏ’ మేలు, ‘బీ’ మేలు అని మూడు ముగింపులూ వచ్చాయి. 1 నుంచి 5 దాకా సమాన దూరంలో వేయడం అన్నిటికంటే సహజంగా కనిపిస్తుంది కానీ, ఆ సమాన దూరం రోగులు చెప్పింది కాదు, మనం పెట్టింది.

చాలామంది ఇక్కడ ‘సరే, సగటు వద్దు, మధ్యగతం తీసుకుంటాం’ అంటారు. మధ్యగతం, అంటే జవాబుల్ని వరసలో పెడితే నడిమధ్యన వచ్చేది, క్రమానికి తగిన కొలతే. కానీ పై లెక్కలో మధ్యగతం కూడా రెండుచోట్లా ‘తృప్తి’యే, పదో వ్యక్తి, పదకొండో వ్యక్తి ఇద్దరూ ఆ గడిలోనే పడ్డారు. అది ఒక్కటే రాస్తే మళ్లీ తేడా దాగిపోతుంది. చతుర్థాంశాలు, అంటే ఆ వరసలో పావు వంతు, ముప్పావు వంతు దగ్గర వచ్చే జవాబులు, కలపండి. ఏలో మొదటి చతుర్థాంశం ‘అసంతృప్తి’, మూడోది ‘చాలా తృప్తి’. బీలో ‘పర్వాలేదు’ నుంచి ‘తృప్తి’ దాకా. ఒకటి చెదిరిపోయింది, రెండోది ఒకచోట గుమిగూడింది. ఈ రెండు కొసల్ని తీసివేసి ‘అంతరం 3’ అని రాయకండి, తీసివేత అనగానే మళ్లీ సమాన దూరం నమ్మినట్టే. పేర్లతోనే రాయండి. సరి సంఖ్యలో జవాబులుండి మధ్య ఇద్దరూ వేరువేరు గడుల్లో పడితే కూడా 3.5 అని కాకుండా ‘పర్వాలేదుకూ తృప్తికీ మధ్య’ అని రాయండి.

నాకైతే అన్నిటికంటే నచ్చేది సంచిత శాతాలు. ‘తృప్తి లేదా అంతకంటే ఎక్కువ’ అన్నవాళ్లు ఏలో 60 శాతం, బీలో 55 శాతం. ‘అసంతృప్తి లేదా అంతకంటే తక్కువ’ ఏలో 30 శాతం, బీలో 5 శాతం. ఆసుపత్రి నడిపేవాళ్ల చేతిలో ఈ రెండు వాక్యాలు పెడితే ఏం చేయాలో వాళ్లకు వెంటనే తెలుస్తుంది. 3.5 చూసి ఎవరూ ఏమీ చేయలేరు. గ్రాఫ్ కావాలంటే ఒక్కో ఆసుపత్రికి ఒక్కో అడ్డపట్టీ గీసి, అందులో ఐదు జవాబుల్ని వరసగా ఐదు రంగుల్లో వేయండి.

టెస్టు విషయానికొస్తే, రెండు గుంపులు కాబట్టి మాన్ విట్నీ పరీక్ష. విల్కాక్సన్ 1945లో, మాన్, విట్నీ 1947లో ఇచ్చినది. అది లోపల ఏం చేస్తుందో పై లెక్కలోనే చూడొచ్చు. ఏ నుంచి ఒకరిని, బీ నుంచి ఒకరిని తీసుకుంటే మొత్తం 400 జంటలు. అందులో ‘ఏ’ రోగి ఎక్కువ సంతృప్తి చెప్పినవి 198, ‘బీ’ రోగి ఎక్కువ చెప్పినవి 140, ఇద్దరూ ఒకే మాట చెప్పినవి 62. సమానమైన వాటిని చెరిసగం పంచితే ‘ఏ’ వైపు 229, అంటే 57 శాతం పైచిలుకు. అంకెలు ఎలా మార్చినా, క్రమం ఉన్నంతవరకు ఈ 198, 140, 62 కదలవు. పైన చెప్పిన పరీక్షకు ఇది నిలిచింది. 57 శాతం యాదృచ్ఛికంగా కూడా రావచ్చా అన్నది పీ విలువ చెబుతుంది. సమానాలు ఇంతమంది ఉంటారు కాబట్టి వాటికి సవరణ చేసిన పీ విలువనే తీసుకోండి, మామూలు సాఫ్ట్‌వేర్లు అది ఇస్తాయి.

దయచేసి ‘మాన్ విట్నీ పరీక్ష మధ్యగతాల్ని పోలుస్తుంది’ అని మాత్రం థీసిస్‌లో రాయకండి. చాలా ప్రాజెక్టుల్లో ఈ వాక్యం కాపీ అవుతూ వస్తోంది. మన ఉదాహరణలో మధ్యగతాలు ఒకటే, అయినా జంటల లెక్క సగానికి సగం లేదు. అది పోల్చేది ఒక గుంపు రెండో గుంపుకంటే ముందుండే మొగ్గును. అలాగే అది ఒక్కటే చాలదని కూడా ఈ ఉదాహరణే చెబుతోంది: ఏకి కాస్త మొగ్గు ఉన్నట్టు చూపించింది కానీ, ఆ 30 శాతం అసంతృప్తిని చూపించలేదు. టెస్టు పక్కన శాతాల పట్టిక తప్పనిసరిగా ఉండాలి.

మూడు, అంతకంటే ఎక్కువ ఆసుపత్రులుంటే క్రస్కల్ వాలిస్ పరీక్ష. రెండు క్రమసూచక విషయాల మధ్య సంబంధం చూడాలంటే, ఉదాహరణకు వేచి ఉండటం మీద అభిప్రాయానికీ మొత్తం సంతృప్తికీ, స్పియర్‌మన్ కోటి (ర్యాంకు) సహసంబంధం లేదా కెండాల్ టౌ. ఐదే గడులున్నప్పుడు సమానాలు చాలా వస్తాయి కాబట్టి నేను కెండాల్ టౌ-బీ వైపు మొగ్గుతాను. ఒకే రోగిని చికిత్సకు ముందు, తర్వాత అడిగితే అందరూ విల్కాక్సన్ సైన్డ్ ర్యాంక్ అంటారు. అది తేడాల పరిమాణాల్ని పోల్చి ర్యాంకులిస్తుంది, అంటే అక్కడ తీసివేత ఉంది. కచ్చితంగా క్రమం మీదే ఉండాలంటే ఎంతమంది పెరిగారు, ఎంతమంది తగ్గారు అని మాత్రమే చూసే సైన్ టెస్ట్ వాడాలి. ఇది అడిగే ఎగ్జామినర్లు తక్కువే, కానీ అడిగితే మీ దగ్గర జవాబు ఉండాలి.

కై స్క్వేర్ చేయమని ఎవరైనా అంటే, తప్పు కాదు, కానీ అది గడుల వరసను పట్టించుకోదు. పర్వాలేదునీ చాలా తృప్తినీ అటూ ఇటూ మార్చినా అదే విలువ వస్తుంది. కష్టపడి క్రమంలో అడిగి, ఆ క్రమాన్ని పారేయడం ఎందుకు? వయస్సు, ఓపీ సమయం లాంటివి కూడా కలిపి చూడాలనుకుంటే ఆర్డర్డ్ లాజిస్టిక్ రిగ్రెషన్ ఉంది, మెకల్లా 1980లో వివరంగా రాసిన పద్ధతి. అందులో ఒక షరతు: ఏ మెట్టు దగ్గర గీత గీసినా రెండు గుంపుల ఆడ్స్ (గీతకు పైన ఉన్నవాళ్లకూ కింద ఉన్నవాళ్లకూ నిష్పత్తి) మధ్య నిష్పత్తి దాదాపు ఒకటే ఉండాలి. మన ఉదాహరణలో ‘పర్వాలేదు, ఆపైన’ దగ్గర గీస్తే ఆడ్స్ ఏకి 14కు 6, బీకి 19కి 1, బీ చాలా ముందు. ‘తృప్తి, ఆపైన’ దగ్గర గీస్తే 12కు 8, 11కు 9, ఏ కొంచెం ముందు. గీత జరిగేసరికి పక్షం మారిపోయింది. ఇలాంటి డేటాకు ఆ పద్ధతి పనికిరాదు, కాబట్టి వాడే ముందు ఈ షరతును చూసుకోండి.

ఇక గైడ్ గారి మాట. ఒకే విషయం మీద ఎనిమిదో పదో ప్రశ్నలు వేసి, ప్రతి రోగికీ మొత్తం స్కోరు కూడితే పరిస్థితి వేరు. రెన్సిస్ లైకర్ట్ 1932లో ప్రతిపాదించింది కూడా అలాంటి మొత్తాల్నే, ఒంటరి ప్రశ్నను కాదు. పది ప్రశ్నల మొత్తం 10 నుంచి 50 దాకా సాగుతుంది, ఒక్కో ప్రశ్నలో ఉన్న ఎగుడుదిగుడులు కొంతవరకు సర్దుకుంటాయి, శాంపిల్ మరీ చిన్నది కాకపోతే టీ టెస్ట్ బాగానే పనిచేస్తుంది. కచ్చితత్వం కోరేవాళ్లు అదీ ఆర్డినలే అంటారు. దీని మీద వాదం స్టీవెన్స్ కాలం నుంచి నడుస్తూనే ఉంది, 1953లోనే ఫ్రెడరిక్ లార్డ్ అంకెలకు తామెక్కడి నుంచి వచ్చామో తెలియదంటూ గట్టిగా ఎదురు వాదించారు. నా మటుకు నాకు, ప్రశ్నల జవాబులు ఒకదానితో ఒకటి పొందిగ్గా నడుస్తున్నాయని క్రాన్‌బాక్ ఆల్ఫా అనే కొలతతో చూపించి, మొత్తం స్కోరుకు సగటు తీయడంలో అభ్యంతరం లేదు. గైడ్ గారు బహుశా ఆ అలవాటుతోనే చెప్పి ఉంటారు. మీ ఫారంలో డాక్టరు మాట్లాడిన తీరు, శుభ్రత, వేచి ఉన్న సమయం, మందులు దొరకడం వగైరా ప్రశ్నలు విడిగా ఉంటే, మొత్తం స్కోరుకు టీ టెస్ట్, విడి ప్రశ్నలకు శాతాలూ మాన్ విట్నీ పెట్టండి. ఇద్దరు మాస్టార్లకూ జవాబు చెప్పినట్టవుతుంది, అదీ సరైన పద్ధతిలోనే. గైడ్ గారి దగ్గరికి వెళ్లేటప్పుడు వాదనకు దిగకుండా పై మూడు రకాల అంకెల లెక్క కాగితం మీద వేసి చూపించండి, చాలు.

కంప్యూటర్ దగ్గర ఒక పొరపాటు మాటిమాటికీ చూస్తుంటాను. జవాబుల్ని పదాలుగానే ఎక్కిస్తే సాఫ్ట్‌వేర్ వాటిని అక్షరక్రమంలో పేరుస్తుంది: అసంతృప్తి, చాలా అసంతృప్తి, చాలా తృప్తి, తృప్తి, పర్వాలేదు. పట్టికా గ్రాఫూ ఆ వరసలోనే వస్తాయి, సంచిత శాతాలు అర్థం లేకుండా పోతాయి. ఆర్ అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌లో అయితే ఆర్డర్డ్ ఫ్యాక్టర్‌గా వరస మీరే చెప్పాలి, ఎస్‌పీఎస్‌ఎస్‌లో 1 నుంచి 5 కోడ్లు వేసి మెజర్ కాలమ్‌లో ఆర్డినల్ ఎంచుకోండి.

ఇంకా కొంతమందిని కలవాల్సి ఉందన్నారు కాబట్టి ఫారంలో ఇప్పుడే సరిచేయగలిగినవి చెబుతాను. ‘చెప్పలేను’, ‘నాకు వర్తించదు’ అన్న జవాబులకు 3 వేయకండి, 6 అసలే వద్దు. అవి ఈ వరసలో లేనే లేవు. మందులే తీసుకోని రోగి మందుల కౌంటరు గురించి ‘పర్వాలేదు’ అన్నట్టు అయిపోతుంది. వాటిని విడిగా లెక్కపెట్టి, ఎంతమంది అన్నారో పట్టిక కింద రాయండి. వయస్సును 18–30, 31–45 అని గడుల్లో అడిగినట్టున్నారు. మిగిలిన వాళ్లను సూటిగా ‘ఎన్నేళ్లు’ అని అడిగి రాసుకోండి. సంవత్సరాలు చేతిలో ఉంటే గడులు ఎప్పుడైనా చేసుకోవచ్చు, గడుల్లోంచి సంవత్సరాలు మళ్లీ రావు. వేచి ఉన్న సమయం కూడా అంతే, ‘కొంచెంసేపు, చాలాసేపు’ అని కాకుండా ఓపీ చీటీ తీసుకున్న టైము, లోపలికి పిలిచిన టైము రాసుకోండి. ఆదాయం మాత్రం సూటిగా అడిగితే చాలామంది ఇబ్బంది పడతారు, అక్కడ గడులే మేలు. ఆఖరి గడి ‘అంతకంటే ఎక్కువ’ అని ఉంటుంది కాబట్టి దానికీ సగటు తీయకండి.

మీ అసలు సంఖ్యలు, ఒక్కో గడిలో ఎంతమంది ఉన్నారో, ఇక్కడ పెట్టండి. ఆసుపత్రుల పేర్లు అక్కర్లేదు, ఏ, బీ అంటే చాలు. జంటల లెక్క ఎలా వేయాలో వాటితోనే చేసి చూపిస్తాను.